ముసలి నక్షత్రం చుట్టూ నీళ్ళు

నేను బడికి పోలేదు. అమ్మే ఇంట్లో పలక మీద అక్షరాలు దిద్దించి, బైబిలు చదవడం నేర్పింది. అందుకే బెంగుళూరులో నా కూతురు చదివే చదువు నాకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే ఓపిక కావాలి. ఆ ఓపిక దానికి ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం.

పోయినేడు సెలవులకు వచ్చినప్పుడు, నేను కందులు చెరుగుతుంటే పక్కన కూర్చోని చెప్పింది. ముసలిదైపోయిన ఒక నక్షత్రం ఉందంట. సుమారు ఏడాదికొకసారి ఉబ్బి తగ్గుతుందంట, వెలుగు కూడా అట్లనే పెరిగి తగ్గుతుందంట. ఒంట్లోని వాయువును కొంచెం కొంచెంగా బయటికి వదిలేస్తూ ఉంటుంది. ఆ వాయువులో నీటి ఆవిరి ఉంటే అది రేడియో అలలు పంపుతుంది. కంటికి కనపడవు. మన చేనంత డిష్ పెట్టి పట్టుకోవాల.

నీళ్ళనే మాట వినపడేసరికి మా నాయన మంచం మీద నుంచి తల ఎత్తినాడు. బేస్తవారిపేట పక్కన మా చేలో ఆయన వేయించిన బోర్లన్నీ దుమ్ము లేపినాయి గాని తడి చూపలేదు.

"ఎన్ని అడుగుల్లో ఉన్నాయి పాపా?"

"అడుగులు చాలవు తాతా. అల అక్కడ బయలుదేరితే మన దగ్గరికి రావడానికి వందల ఏండ్లు పడుతుంది."

"అయితే మోటారు లాగదులే," అని మళ్ళా పడుకున్నాడు.

పిల్ల నవ్వింది గాని ఆ నవ్వు నిలబడలేదు. మొదటిసారి చూస్తే ఏమీ దొరకలేదంట. నక్షత్రం మళ్ళా వెలుగెక్కినాక ఇంకొక్కసారి డిష్ వాడుకోనిస్తారంట. అప్పుడూ రాకపోతే ఇన్నేండ్ల పని వదిలేసి వేరేది మొదలుపెట్టమన్నాడంట వాళ్ళ సారు.

"ప్రార్థన చేస్తాలే," అన్నాను.

"దేనికమ్మా? రావాల్సిన అల మీ జేజమ్మ పుట్టకముందే బయలుదేరింది. ఉంటే దారిలో ఉంది. లేకపోతే లేదు."

అది వెళ్ళిపోయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఇచ్చేవాడు ఎప్పుడో ఇచ్చేసి ఉంటే ఇంక నేను అడిగేదేముంది?

మా మందిరంలో మేలు జరిగినాక కృతజ్ఞత కానుక ఇస్తారు. పిల్ల రెండోసారి చూసే వారం, ఆదివారం పొద్దున నేను కొత్త కందిపప్పు గిన్నె నిండా పోసుకుని పోయి బల్ల మీద పెట్టినాను.

"ఏం మేలు జరిగిందక్కా?" అనడిగింది పాస్టరమ్మ.

"ఇంకా తెలీదమ్మగారూ. జరగాల్సింది అక్కడ ఎప్పుడో జరిగిపోయిందంట, కబురే రావాల. రాకపోయినా అంత మంచి పిల్లను ఇచ్చినాడు గదా, ఆ లెక్కలో వేసుకోండి."

"అదెట్లున్నా పప్పు మాత్రం బాగా ఉడికేదే తెచ్చింది," అనింది వెనక నుంచి ఒక పెద్దమ్మ. అందరూ నవ్వినారు, నేనూ నవ్వినాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. నక్షత్రాన్ని చూసే పనే అయినా, రేడియో అలలు పట్టడానికి పగలైనా పరవాలేదంట.

"తాతకియ్యమ్మా ఫోను," అనింది పిల్ల.

నాయన చెవి దగ్గర పెట్టినాను. "నీళ్ళు పడినాయి తాతా," అనడం నాకూ వినపడింది. "సన్నగానే. కానీ పడినాయి."

నాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. మా చేలో నిలబడి ఎవరో ఒకరు ఆ మాట చెప్తారని ఆయన ఎన్నేండ్లు చూసినాడో నాకు తెలుసు.

ఫోను నా చేతికిచ్చి, మెల్లగా అన్నాడు:

"తీపి నీళ్ళేనా, ఉప్పు నీళ్ళా ఏందో, అడుగు."