వెనక సీటుకు వినబడిన మూలుగు

వేడెక్కిన గేర్ ఆయిల్ వాసన చాలామందికి గిట్టదు. నాకు మాత్రం అది ముక్కుకు తగిలితే చాలు, ప్రాణం లేచి వస్తుంది. మొన్న మా వర్క్‌షాపులో కుర్రాడు ఒక పాత బండి కింద ఆయిల్ ప్లగ్ విప్పగానే ఆ ఘాటు గుప్పుమంది. చేతిలో టీ గ్లాసు చేతిలోనే ఉంది. మనసు మాత్రం మేడ్చల్ హైవే పక్కన యాదమ్మక్క షెడ్డుకు వెళ్లిపోయింది. అక్కడా ఒకరోజు ఇలాంటి వాసనే వచ్చింది.

యాదమ్మక్కను ఎరగని వాళ్లకు ముందు ఒక సంగతి చెప్పాలి. ఆమె మెకానిక్ కాదు. పానా పట్టడం రాదు, ఆ మాట దాచుకునేదీ కాదు. భర్త పోయాక షెడ్డు అమ్మేయమని చుట్టాలంతా చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే, "అమ్మితె నేనేడ కూసోవాలె?" అని అడిగి, ఆయన కుర్చీలోనే కూర్చుందట. తొంభైల్లో సూరారంలో నేను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి దిక్కులు చూస్తున్నప్పుడు నన్ను పనిలో పెట్టుకుంది. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఎంత పెద్ద కారులో దిగినవాడికైనా, ఆటో తోసుకుంటూ వచ్చినవాడికైనా ఒకటే స్టూలు, ఒకటే చాయ్.

ఆ షెడ్డుకో ఆచారం ఉండేది. బండి ఏదో శబ్దం చేస్తోందని ఎవరొచ్చినా సరే, ఆ శబ్దం నోటితో చేసి చూపించాలి. అప్పటిదాకా మమ్మల్ని బండి మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. లారీ డ్రైవర్లు పోటీలు పడి ఈలలేసేవాళ్లు, గురకలు పెట్టేవాళ్లు. ఆఫీసర్లయితే సిగ్గుపడి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకున్నాక మేకలా అరిచేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఇనుప సామాను నమ్ముకున్న మనిషిని, విప్పి చూస్తే తేలిపోయేదానికి ఈ సర్కస్ ఎందుకని నా గొడవ.

"విప్పుడు ఎంతసేపు రా శ్రీశైలం? ఇనుడే కష్టం" అనేది అక్క.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ఉదయం శామీర్‌పేట నుంచి సత్యనారాయణగారు వచ్చారు. గోదావరి జిల్లా మనిషి, ఉద్యోగం కోసం వచ్చి అక్కడి కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఆయనది ఎప్పుడో విదేశం నుంచి దిగుమతైన పాత కారు, ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందే రకం. మా వైపు అలాంటివి అరుదు. వెనక సీట్లో ఆయన కూతురు శ్రావణి కూర్చుంది. మేడ్చల్‌లో ఇంటర్ చదువుతోంది. చిన్నప్పుడు పోలియో వచ్చి, నడవడానికి ఆసరాగా రెండు కాళ్లకూ ఇనుప కడ్డీల కాలిపర్లు వేసుకునేది.

"మలుపు తిరిగితే కిందనుంచి ఏదో మూలుగుతోందండీ" అన్నారాయన. సిటీలో ఇద్దరు మెకానిక్కులు చూశారట. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం పంచే మధ్య పెట్టె పోయింది, అది ఇక్కడ దొరకదు, కారు తుక్కుకు ఇచ్చి ఇంకోటి కొనుక్కోండి అన్నారట. "కొనొచ్చండీ. కానీ మా అమ్మాయి..." అని ఆగిపోయారు.

మిగతాది ఆ అమ్మాయే చెప్పింది. "దీని సీటు నా నడుం ఎత్తులో ఉంటుందండీ. తలుపు బాగా తెరుచుకుంటుంది. నేనే ఎక్కుతాను, నేనే దిగుతాను. వేరే కార్లయితే నాన్నగారు ఎత్తి కూర్చోబెట్టాలి. కాలేజీ గేటు ముందు అందరూ చూస్తుంటే అలా ఎత్తించుకుని నేను వెళ్లను. దానికంటే చదువు మానేస్తాను." కళ్లు తడవకుండా, బస్సు టైము చెప్పినంత మామూలుగా చెప్పింది.

"పెట్టె దింపుదాం అక్కా" అన్నాను.

"దింపినంక మళ్లెక్కకపోతె? సామాను దొరకదంటున్నరు. అప్పుడు గీ పిల్ల సదువు ఏం గావాలె?" అని నన్ను కూర్చోబెట్టి, ఆయన వైపు తిరిగింది. "సారూ, జర ఎట్లొస్తదో చేసి సూపెట్టుండ్రి."

ఆయన "గుర్ర్" అన్నారు. ఎక్కణ్ణుంచి అంటే ముందునుంచేమో అన్నారు, ఎప్పుడు అంటే అన్నివేళలా అన్నారు. నేను బండి తీసుకుని బస్ డిపో దాకా వెళ్లొస్తే ఏ శబ్దమూ నా చెవిన పడలేదు. అప్పుడు అక్క చీర కుచ్చిళ్లు దోపుకుని వెనక తలుపు దగ్గర గొంతుక్కూర్చుంది.

"బిడ్డా, నువ్వు జెయ్యి."

శ్రావణి కళ్లు మూసుకుంది. సన్నగా "ఊఁ" అని మొదలుపెట్టి, గొంతు పెంచుకుంటూ పోయి, చివర "డుగ్" మని ఆపింది. "ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు ఉండదండీ. సగం దారి వచ్చి బండి వేడెక్కాక, మలుపుల్లోనే వస్తుంది. నా ఎడమ కాలి కిందనుంచి. చెవికంటే ముందు కాలిపర్‌కి తెలుస్తుంది, ఇనుము కదా, వణుకుతుంది."

"ఇదంతా నాకెప్పుడు చెప్పావమ్మా?" అన్నారు తండ్రి.

"మీరు అడగలేదు నాన్నగారూ. ఆ మెకానిక్కులు కూడా నన్ను కిందికి దిగమన్నారు, అంతే."

"ఎప్పటిసంది వస్తాంది బిడ్డా?" అంది అక్క.

"పంచరైన వారం నుంచి."

పంచరుకూ గేర్లకూ ఏం సంబంధం అని నవ్వబోయి, సగంలో ఆగిపోయాను. "సారూ, పంచరైనంక ఏం జేసిన్రు?" అని అడిగాను. అందరం చేసేదే చేశారాయన. డిక్కీలో ఎప్పుడూ వాడని స్టెప్నీ ఉంటే ఎడమ వెనక చక్రానికి వేయించారు. కొత్త టైరు కదా, ఉంచేద్దామనుకుని, పాతదానికి అతుకు వేయించి డిక్కీలో పడేశారు.

సుత్లి తాడు తెచ్చి నాలుగు టైర్ల చుట్టూ కొలిచాను. అరిగిన మూడూ ఒకే కొలత. కొత్తదానికి తాడు రెండు వేళ్లు చాల్లేదు. మామూలు కారుకు అది లెక్కలోకి రాదు. నాలుగు చక్రాలూ ఒకదానికొకటి కట్టేసినట్టు తిరిగే బండిలో మాత్రం, నలుగురు బీరువా మోస్తుంటే ఒకడే పెద్ద అంగలు వేసినట్టు. ఆ గుంజులాటంతా మధ్య పెట్టె మీద పడుతోంది. ప్లగ్ విప్పితే ఆయిల్ మాడు వాసన కొట్టింది. కొత్త ఆయిల్ పోసి, పాత టైరు మళ్లీ బిగించాను. పెట్టె ఇప్పటికే దెబ్బతినేసి ఉంటే మాత్రం చేయగలిగింది ఏమీ లేదు. ఆ మాట పైకి అనలేదు, అక్కకు నా మొహం చూసి అర్థమైంది.

శామీర్‌పేట వైపు బయల్దేరాం. నేను స్టీరింగు దగ్గర, పక్కన సత్యనారాయణగారు, వెనక శ్రావణితో అక్క. బండి బాగా వేడెక్కేదాకా తిప్పి, చెరువు దాపున వచ్చే మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పాను. నాకు ఏమీ వినబడలేదు. కానీ నా చెవిని నేను నమ్మలేదు. అద్దంలో శ్రావణి మొహం చూశాను. ఎడమ పాదం కిందికి నొక్కిపెట్టి, ఊపిరి బిగబట్టి ఉంది.

"ఇంకోసారి తిప్పండి" అంది. తిప్పాను. "ఇంకోసారి." తిప్పాను.

"లేదు నాన్నగారూ. పోయింది."

ఆయన బండి ఆపమన్నారు. దిగి, చెరువు వైపు తిరిగి చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. అక్క మాత్రం శ్రావణి వీపు మీద ఒకటి చరిచి, "రేపు జల్దీ పో కాలేజికి" అంది. వెళ్లింది. ఇంటరే కాదు, డిగ్రీ కూడా ఆ కారులోనే వెళ్లి పూర్తి చేసింది.

యాదమ్మక్క పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా వర్క్‌షాపులో కంప్యూటర్ తగిలిస్తే సగం జబ్బులు అదే చెప్పేస్తుంది. అయినా బండి రాగానే వెనక సీట్లో ఎవరు కూర్చుంటారని అడుగుతాను, జనం వింతగా చూస్తారు. ఆమె నేర్పింది బండ్ల దగ్గరే ఆగిపోలేదు. కిందటేడు మా ఆవిడకు నడుం నొప్పి వస్తే ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఏమవుతోందని డాక్టరు అడగగానే అలవాటు ప్రకారం నేనే అందుకున్నాను. రెండు మాటలు చెప్పాక నోరు దానంతటదే మూతపడింది.

"ఆమెనడగండి సార్" అన్నాను.

మా ఆవిడ ముందు నావైపు చూసింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టి, నొప్పి ఏ వేళకు లేస్తుందో, కాలిలోకి ఎలా దిగుతుందో, దాన్ని మాకు తెలియకుండా ఎలా ఓర్చుకుంటోందో చెప్పుకుపోయింది. ఇన్నేళ్లు పక్కనే ఉన్న నాకు అందులో ఒక్క ముక్కా తెలియదు. డాక్టరు రాస్తున్న పెన్ను పక్కన పెట్టి, కుర్చీని పూర్తిగా ఆమె వైపు తిప్పుకున్నాడు.