సెమీఫైనల్ ఓడి ఇంటికొచ్చిన వారం

రాయపూర్‌లో సెమీఫైనల్ ఓడిపోయిన మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. గని వాళ్ళు మా కోసం పంపిన బస్సు అది. వెళ్ళేటప్పుడు ముందు అద్దానికి బంతిపూల దండ కట్టారు. వచ్చేటప్పుడు ఆ దండ ఎండిపోయి అక్కడే వేలాడుతోంది. దాన్ని తీసెయ్యాలని డ్రైవరుకు తోచలేదు, నాకూ తోచలేదు. అమ్మాయిలు ఎక్కగానే బ్యాగులు కాళ్ళ దగ్గర పడేసి, కిటికీలకు తలలు ఆన్చి నిద్రపోయారు. నాకు నిద్ర రాలేదు. ఒళ్ళంతా ఎవరో పిండేసినట్టుంది. ఆడింది వాళ్ళయితే అలసిపోయింది నేనేమిటి అనుకున్నాను.

ఇనుప ఖనిజం తవ్వే కొండ కింద టౌన్‌షిప్ మాది. అక్కడ ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టుకు నేను కోచ్‌ని. మా నాన్న విశాఖ నుంచి కొండలెక్కి వచ్చే లైన్లో స్టేషన్ మాస్టరుగా చేశారు. నేను పుట్టింది శ్రీకాకుళం జిల్లాలోనే అయినా, నడక నేర్చింది బస్తర్ రైల్వే క్వార్టర్ల ముందు. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ, సంతలో హల్బీ. ఆటలో పేరు తెచ్చుకుని కొన్నాళ్ళు రైల్వే జట్టుకు ఆడాను. ఆ తర్వాత ఖనిజం రైళ్ళు నడిపే మనిషిని పెళ్ళి చేసుకుని మళ్ళీ ఈ లైనుకే వచ్చేశాను. గనిలో క్రీడల విభాగం వాళ్ళు నన్ను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఏటేటా కొత్తగా రాసేవారు ఆ కాంట్రాక్టు. ఏటా వానలు తగ్గాక ఒక సంతకం, అంతే. దాన్ని ఉద్యోగం అనుకోవడం అలవాటైపోయింది.

మా కోర్టు సిమెంటుదే గాని ఎప్పుడూ ఎర్రగా ఉండేది. రోజూ ఊడ్చినా సాయంత్రానికి మళ్ళీ ఖనిజం దుమ్ము పరుచుకునేది. అమ్మాయిల అరచేతులు, సాక్సులు, చివరికి దుప్పట్లూ అదే రంగు. రైల్వే వాళ్ళ పిల్లలు, గనిలో పనిచేసే బిహారీ, బెంగాలీ కుటుంబాల పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు, అందరూ కలిసి ఒక జట్టు. ఇంతకు ముందెప్పుడూ ఆ జట్టు లీగు దశ దాటలేదు. ఆ ఏడు దాటింది. గనుల జట్లూ ఉక్కు కర్మాగారాల జట్లూ ఆడే పోటీలో మేం సెమీఫైనల్‌కు వచ్చాం.

దానికి కారణం అందరి కష్టమే అని అప్పట్లో అనేదాన్ని. నిజానికి సగం కారణం ఒక్క అమ్మాయి. పొడుగ్గా ఉంటుందని జట్టులో అందరూ ఆమెను లంబూ అనేవారు. తెలంగాణ సరిహద్దు దగ్గర, తెలుగు కూడా మాట్లాడే ఎర్రబోరు వైపు పల్లె ఆమెది. పొలం, అడవి, ఇప్పపువ్వు, తునికాకు మీద బతికే కుటుంబం. వాళ్ళ చిన్నాయన మా దగ్గర ఖనిజం లోడింగ్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. ఊళ్ళో బడి మూతపడ్డాక ఈ పిల్లను తెచ్చి టౌన్‌షిప్ హాస్టల్లో వేశాడు. మొదట్లో ఆమె తెలుగు నాకు వింతగా ఉండేది, నా తెలుగు ఆమెకు ఇంకా వింత. నేను "ఏటి" అంటే ఆమె "ఏంది" అనేది. తర్వాత్తర్వాత జట్టులో మిగతా వాళ్ళకు తెలియకూడని మాటలన్నీ మేమిద్దరం తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం. బోర్డుకు తగిలి తిరిగొచ్చే బంతి ఎక్కడ పడుతుందో ఆమెకు ముందే తెలిసిపోయేది. ఆ విద్య నేను నేర్పింది కాదు.

రాయపూర్ బయల్దేరే ముందు క్రీడాధికారి జట్టుకు టీ పార్టీ ఇచ్చాడు. మర్యాదస్తుడు, భోపాల్ మనిషి. ఫైనల్‌కు చేరితే జట్టులో కొందరికి పర్మనెంట్ ఉద్యోగాలు వచ్చేలా పై వాళ్ళతో మాట్లాడానని అందరి ముందూ చెప్పాడు. కాగితం మీద ఏమీ లేదు. కానీ ఆ మాట విన్నాక పిల్లలెవరూ సమోసాలు సరిగ్గా తినలేదు. లంబూ అయితే హాస్టల్‌కు కూడా వెళ్ళకుండా నేరుగా చిన్నాయన గుడిసెకు నడిచి వెళ్ళి ఆ సంగతి చెప్పి వచ్చింది.

సెమీఫైనల్లో మూడో క్వార్టర్ దాకా మేమే ముందున్నాం. అప్పుడు లంబూ బంతి కోసం ఎగిరి, అవతలి అమ్మాయి పాదం మీద దిగింది. మోకాలు లోపలికి తిరిగిపోవడం నేను చూశాను. ఆ వయసులో నా మోకాలూ అలాగే పోయింది. అందుకే ఆ కదలిక నాకు బాగా తెలుసు. బయటికి తీసుకొచ్చాం. డాక్టరు చల్లటి మందు కొట్టి కట్టు కట్టాడు. పరీక్ష చేస్తే గాని చెప్పలేనన్నాడు. లేచి నిలబడి అటూ ఇటూ నడిచి చూపించింది. మంచిగనే ఉంది మేడమ్, ఆడతా అంది. కూర్చో అన్నాను.

ఆమె లేకపోయేసరికి మా ఆధిక్యం కరిగిపోయింది. నా బెంచి వెనకాలే కూర్చున్న క్రీడాధికారి వంగి, ఆ అమ్మాయిని పంపండి అని ఒకసారి చెప్పాడు. కాసేపాగి మళ్ళీ చెప్పాడు. మూడోసారి చెప్పలేదు, లేచి వెళ్ళి వేరేచోట కూర్చున్నాడు. టైమ్ అవుట్ తీసుకున్నప్పుడు లంబూ తనంతట తనే జాకెట్ విప్పేసి వచ్చి వలయంలో నిలబడింది. నేను ఆమె వైపు చూడకుండా మిగతా ఐదుగురికే చెప్పాను. ఒక్క బాస్కెట్ తేడాతో ఓడిపోయాం. ఆఖరి బంతి వేసి గురి తప్పిన మా రైల్వే గార్డు కూతురు కోర్టు మీదే కూలబడి ఏడ్చింది. లంబూ ఏడవలేదు.

కేశకాల్ ఘాట్ ఎక్కాక బస్సు టీ కోసం ఆగింది. అమ్మాయిలు ఒళ్ళు విరుచుకుంటూ దిగారు. లంబూ కడ్డీ పట్టుకుని ఒంటికాలి మీద దిగుతుంటే చెయ్యి ఇవ్వబోయాను. పట్టుకోలేదు. టీ గ్లాసు తీసుకెళ్ళి పక్కన నిలబడ్డాను. లోయలోకి చూస్తూనే అడిగింది.

"మోకాలు నాది గదా మేడమ్. మరి నన్నెందుకు అడగలే?"

"అడిగితే ఆడతాననేదానివి."

"అంటా. మా చిన్నాయనకు ఏం చెప్పాల నేనిప్పుడు?"

కాలు పోతే ఉద్యోగం వచ్చి ఏం లాభం అని అందామనుకున్నాను. కానీ వాళ్ళ ఇంట్లో ఎవరికీ నెల జీతం అనేది లేదు. టీ చల్లారిపోయింది. అక్కణ్ణుంచి ఇంటి దాకా ఆమె నాతో మాట్లాడలేదు. ఆరోజు ఆ అమ్మాయి కోపం నాకు ఓటమి కంటే బరువనిపించింది. అయినా మళ్ళీ ఆ క్షణం వస్తే మళ్ళీ అదే చేస్తానని కూడా అనిపించింది. ఈ రెండూ ఒకే బుర్రలో మోసుకుంటూ జగదల్పూర్, గీదం దాటాను.

టౌన్‌షిప్ గేటు దగ్గర ఎవరూ లేరు. వెళ్ళేటప్పుడు బ్యాండు పెట్టారు.

మూడు రోజులు ఎవరూ పిలవలేదు. మామూలుగానే సాయంత్రం ప్రాక్టీసుకు వెళ్ళాను, పిల్లలూ వచ్చారు. అందరం పని ఉన్నట్టు నటించాం. నాలుగో రోజు క్రీడాధికారి కబురు పెట్టాడు. కుర్చీ చూపించి, టీ తెప్పించి, మా ఆయన డ్యూటీల గురించి అడిగాడు. వానలు ఈసారి ఆలస్యంగా తగ్గాయన్నాడు. ఆ మంచితనం చూసే నాకు విషయం అర్థమైపోయింది. కాంట్రాక్టు ఇక రాయడం లేదని చెప్పాడు. జట్టుకు కొత్త ఆలోచన కావాలని పై వాళ్ళు అనుకుంటున్నారట. భిలాయ్ నుంచి ఒకాయన రాబోతున్నాడట.

"ఆప్ సమఝ్ రహీ హై నా, మేడమ్?" అన్నాడు.

అర్థమైందన్నాను. ఆ భిలాయ్ ఆయనతో ఎప్పుడు మాట్లాడారని అడిగాను. కొంచెం తడబడి, పోటీలకు వెళ్ళక ముందే అని నిజం చెప్పేశాడు. అంటే గెలిచినా నేను ఉండేదాన్నో కాదో. ఆ ఉద్యోగాల సంగతి ఏమిటని కూడా అడగాలనుకున్నాను. ఆయన మొహం చూశాక అడగబుద్ధి కాలేదు. బంతులుండే గది తాళం బల్ల మీద పెట్టి వచ్చేశాను. కోపం వస్తుందేమోనని దారి పొడుగునా ఎదురుచూశాను. రాలేదు. కాళ్ళు మాత్రం లాగేశాయి.

ఇంటికొచ్చేసరికి మా ఆయన డ్యూటీ దిగి స్నానం చేసి ఉన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడుగుతుంటే వెనకాలే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"తీసీసేరంట కదా."

"మీకెవరు చెప్పేరు?"

"మా డ్రైవర్లుండే రన్నింగ్ రూములో పొద్దున్నించీ అదే మాట. నీకే ఆలస్యంగా తెలిసింది. ఆ బియ్యం ఇలా ఇయ్యి, నేనొండుతాను. ఎల్లి కాసేపు తొంగో."

వెళ్ళి పడుకున్నాను. నిద్రపోయానో లేదో తెలియదు. కుక్కర్ కూతలు వినబడుతూనే ఉన్నాయి. లేచాక ఇద్దరం చారు అన్నం తిన్నాం. ఆయన దాని గురించి ఇంకేమీ అనలేదు. ఆ ఇంట్లో అప్పుడు నాకు కావలసింది కూడా అదే.

జట్టు ఇక నాది కాదు గాని, లంబూ మోకాలు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. టౌన్‌షిప్ ఆసుపత్రిలో కట్టు మార్చి పంపించేస్తున్నారు. ఆ ఆదివారం హాస్టల్‌కు వెళ్ళి, విశాఖ తీసుకెళ్ళి చూపిస్తానన్నాను. వస్తుందనుకోలేదు. వాళ్ళ చిన్నాయన వచ్చి, పంపిస్తానమ్మా, నాకు ఈ ఊళ్ళ సంగతులు తెలవవు, మీరే చూడండి అన్నాడు. ఆయన మొహంలో నా మీద కోపం వెతికాను. పనికి ఆలస్యమవుతోందన్న తొందర తప్ప ఏమీ కనబడలేదు.

ప్యాసింజరు రైల్లో ఎదురెదురుగా కూర్చుని వెళ్ళాం. సొరంగాలు వచ్చినప్పుడల్లా ఆమె కిటికీ దించేది, దాటాక ఎత్తేది. అరకు దాటాక, ఆకలేస్తోంది అంది. పులిహోర పొట్లం విప్పాను. ఇద్దరం ఒకే ఆకులో తిన్నాం.

విశాఖలో డాక్టరు స్కానింగ్ తీయించి చూశాడు. మోకాలి లోపలి లిగమెంటు సగం తెగిందన్నాడు. అలాగే ఆడి ఉంటే పూర్తిగా తెగేదన్నాడు. ఆపరేషన్ అక్కర్లేదు, ఓపిగ్గా వ్యాయామం చేస్తే నడకకు ఢోకా లేదు, ఆట మాత్రం చాలా నెలలు మానాలన్నాడు. ఆయన మాటలు నా పక్షానే ఉన్నాయి. నాకు సంతోషంగా ఉండాలి. పక్కన ఆమె తలొంచుకుని తన చెప్పుల వైపు చూసుకుంటోంది. బయటికొచ్చాక ఆటోలో అంది:

"ఈ కాలుకి ఏం గాదంట. బతుకే ఏమైతదో తెలుస్తలేదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఈసారి వదిలించుకోలేదు.

భిలాయ్ నుంచి వచ్చినాయన మంచి కోచే. రెండు సీజన్లు చేశాడు, లీగు దశ దాటించలేకపోయాడు. తర్వాత ఆయన్ని కూడా మర్యాదగా టీ ఇచ్చే పంపించారని విన్నాను. ఆ తర్వాత ఆడవాళ్ళ జట్టే తీసేశారు. టీ పార్టీలో చెప్పిన ఉద్యోగాలు ఎవరికీ రాలేదు. మమ్మల్ని ఓడించి ఫైనల్‌కు వెళ్ళిన జట్టుకూ వాళ్ళ గనిలో ఉద్యోగాలు రాలేదని ఒకసారి జగదల్పూర్‌లో కలిసిన వాళ్ళ కెప్టెన్ చెప్పింది. ఆ సంగతి లంబూకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించి, ఊరుకున్నాను. చెబితే నన్ను నేను సమర్థించుకున్నట్టు ఉంటుందనిపించింది.

నేను టౌన్‌షిప్ బడిలో డ్రిల్లు టీచరుగా చేరాను. వరసలో నిలబెట్టడం, ఈల ఊదడం. పిల్లలు బాగానే ఉండేవారు. కానీ ఒక జట్టును దగ్గరుండి పెంచే ఓపిక మళ్ళీ నాలో పుట్టలేదు. ఒకట్రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చినా వెళ్ళలేదు. మా ఆయన వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

లంబూ కాలు బాగయ్యాక డిగ్రీ చదివింది, వ్యాయామ విద్యలో శిక్షణ తీసుకుంది. ఇప్పుడు సుక్మా వైపు ఆడపిల్లల ఆశ్రమశాలలో పనిచేస్తోంది. పోయిన వేసవిలో అటు వైపు పెళ్ళికి వెళ్ళి ఆమె క్వార్టర్లో ఒక పూట ఉన్నాను. చేపల పులుసు వండింది. ఆ మ్యాచి ప్రస్తావన ఆమె తేలేదు, నేనూ తేలేదు. నేను చేసింది ఒప్పో తప్పో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. చెప్పించుకోవాలన్న కోరిక నాకూ తగ్గిపోయింది. తిన్నాక పిల్లల్ని మైదానంలోకి పిలిచింది. అక్కడ కర్రకు బిగించిన ఇనుప రింగు ఒకటుంది, దానికి వల లేదు. పిల్లలు తమ దోర్లీ భాషలో అరుచుకుంటూ ఆడుతుంటే మేమిద్దరం అరుగు మీద కూర్చుని చూశాం.

"ఆ చిన్నదాన్ని చూడు మేడమ్, ఎగరడానికి ముందు అడుగు తప్పేస్తది. ఎంత చెప్పినా వినదు. నువ్వొక్కసారి చెప్పరాదు?"

ఎండ ఇంకా తగ్గలేదు. ప్రయాణానికి నా నడుం పట్టేసి ఉంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చెప్పులు విప్పి, మెట్లు దిగాను.