ఎనభై ఎనిమిదో గడిలో నిచ్చెన

ఆ రోజుల్లో బందరులో గొప్పలు చెప్పుకోవడం ఎంతో సులువు, నమ్మేవాళ్ళు దండిగా ఉండేవారు. ఇప్పుడు నేను నిజం చెప్పినా మా ఆవిడ "సగానికి సగం కొట్టేసి వినండి" అని వచ్చినవాళ్ళకి మంచినీళ్ళతో పాటు అందిస్తుంది. కనుక ముందే మనవి. నేనేదైనా ఘనంగా చెప్తే ఒక్క వాక్యం ఆగండి, నేనే కిందికి దిగి వస్తాను.

డెబ్బై ఏడులో నాకు ఇరవై రెండేళ్ళు. ఓ ప్రెస్సులో వైజ్ఞానిక ఆటల విభాగానికి అధిపతిని. (కంపోజిటర్ని. శుభలేఖలకి అక్షరాలు పేర్చేవాణ్ణి.) ప్రెస్సు యజమానిని వీధి వీధంతా మావయ్యా అనే పిలిచేది. వేసవి సెలవులకి వైకుంఠపాళి వేద్దామన్నాడాయన. "అందరూ వేసేదే మనమూ వేస్తే ఏముంది మావయ్యా, పాముల్ని తీసేసి గ్రహాలూ తోకచుక్కలూ పెడదాం" అన్నాను. అలా పుట్టింది రోదసిపాళి. మొదటి గడి బందరు రేవు, నూరో గడి ఎవరూ చూడని గ్రహం. ఎనభై ఎనిమిదో గడి కృష్ణబిలం. ఆ మాట ఏదో పత్రికలో చదివి, అర్థం కాకపోయినా బాగుందని దాచుకున్నాను. పావులుగా చిలకలపూడి నుంచి మెరుపు సరిగ్గా పట్టని రోల్డ్‌గోల్డ్ పూసలు తెచ్చాం. అచ్చుదిమ్మలు చెక్కింది కలంకారీ దిమ్మలు చెక్కే సాయిబుగారు. ఆయన అలవాటు ప్రకారం రంగుకొక దిమ్మ: గళ్ళకీ గ్రహాలకీ నల్లది, నిచ్చెనలకి ఎర్రది. తోకచుక్కల తోకలు మామిడిపిందెల్లా వంపు తిరిగాయి గానీ, చూడ్డానికి బాగానే ఉన్నాయి.

ఆటలు ఊళ్ళకి వెళ్ళిపోయాక తెలిసింది అసలు సంగతి. నియమాల కాగితంలో 'కృష్ణబిలంలో పడ్డవారు పక్కనున్న ఎర్ర నిచ్చెన ఎక్కి బయటికి రావలెను' అని ఉంది. పక్కన నిచ్చెన లేదు. పడ్డవాడు పడ్డట్టే ఉంటాడు. "సాయిబుగారు చెక్కడం మరిచిపోయారు మావయ్యా" అన్నాను. సాయిబుగారు నేను గీసిచ్చిన కాగితం తెచ్చి బల్లమీద పరిచారు. "నిచ్చెనలు ఆరే ఉన్నాయి బాబూ. ఏడోది గీసివ్వు, ఇప్పుడే చెక్కుతాను."

మావయ్య నా వంక చూసి "ఆ గోతిలోకి ముందు నిన్ను తోయాలిరా" అన్నాడు.

అప్పుడు మెరిసింది నాకు. మిగిలిన ప్రతుల మీద ఒక చీటీ అంటించాం: 'కృష్ణబిలం నుంచి బయటపడే మార్గం రెండో భాగంలో. కథ ఎలా ఉండాలో మీరే రాసి పంపండి.' ఉత్తరాలు బస్తాలకొద్దీ వచ్చాయి. (పదకొండు కార్డులు.) గుడివాడ రైసుమిల్లు గుమాస్తా ఒకాయన, ధాన్యం బస్తాల్ని లాగినట్టు గిలకతో లాగమన్నాడు. కూచిపూడి నుంచి ఒకాయన, హీరో తాళం తప్పకుండా నాట్యం చేస్తే బిలం కరిగిపోవాలన్నాడు. తక్కిన తొమ్మిదీ ఒక్కరివే. దివిసీమలో సముద్రం పక్క పల్లెలో బడి నడిపే టీచరమ్మ. చిరునామా పక్కన కూడా ఖాళీ ఉంచకుండా చీమల్లాంటి అక్షరాలు నింపేది. ప్రెస్సులో ఆవిడకి 'ఇరుకు కార్డు టీచరమ్మ' అని పేరు పెట్టింది నేనే.

'మా ఊళ్ళో ఆ గడిలో పడ్డ పూసల్ని ఎవరూ తీయడం లేదండి, మైనంతో అక్కడే అంటించాం. తొమ్మిదిమంది ఉన్నారు. ఇనప నిచ్చెనలు అంతదూరం రావు. పైన ఆడేవాళ్ళు ఒక్కొక్కరు తమ వంతు వదులుకుంటే ఒక్కో మెట్టు పడాలి. మనుషులే చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిచ్చెన కావాలి. ఈ కథ నచ్చితే ఓ మూల మా ఊరి పేరు వేయించండి.'

మావయ్య కార్డు రెండుసార్లు చదివి "ఇదేరా కథ, దిమ్మ చెక్కించు" అన్నాడు. నాకు కడుపు మండింది. నా కథలో బందరు కుర్రాడొకడు కిరణాల తుపాకీతో బిలాన్నే పేల్చేస్తాడు. ఆ కుర్రాడికి నా జులపాలే పెట్టాను కూడా. 'మీ కథ పరిశీలనలో ఉన్నది' అని జవాబు రాసి ఊరుకున్నాను. మావయ్య అడిగినప్పుడల్లా సాయిబుగారికి తీరిక లేదన్నాను. (ఆయన్ని నేను అడగనే లేదు.) ఆవిడ దగ్గర్నుంచి ఆఖరిది, తొమ్మిదో కార్డు వచ్చింది: 'పరిశీలన త్వరగా కానివ్వండి. మా పడవ సరంగు రెండు నెలలుగా బిలంలోనే ఉన్నాడు. వాళ్ళావిడ పైన తొంభై ఆరులో కూర్చుని ఎక్కిరిస్తోంది.' అదీ బల్ల సొరుగులోకే వెళ్ళింది.

కార్తీకంలో ఉప్పెన వచ్చింది. దాన్ని గురించి నేనేమీ పెంచి చెప్పలేను. పెంచడానికి చోటు మిగల్చలేదది.

వారం తర్వాత పులిహోర పొట్లాల లారీలో అటు వెళ్ళాను. నలభైమందిని కాపాడానని మా పెళ్ళిచూపుల్లో చెప్పుకున్నాను గానీ, పొట్లాలు పంచాను, అంతే. అదీ సగందాకా, తర్వాత వాంతి చేసుకుని లారీ చక్రం పక్కన కూర్చున్నాను. ఆ పల్లె ఉన్నచోట ఉప్పు బురద, మొదలంటా ఒరిగిన తాడిచెట్లు. ఒకాయన పొట్లం విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. టీచరమ్మగారి గురించి అడిగాను.

"అందర్నీ బళ్ళోకి చేర్చిందండీ. నీళ్ళు ఎగదన్నాక చీరలూ పంచెలూ ముడేసి, చేతులు పట్టుకోమంది. గొలుసు కట్టామండీ. ఈ కొసన చెట్టు పట్టుకుంది నేను." ఒళ్ళో పొట్లం దారం బిగించాడు. "ముడి ఆగలేదండి."

బందరు ప్రెస్సు నుంచి వచ్చానన్నాను. ఆయన తలెత్తాడు.

"ఆ ఆట అచ్చేసినోళ్ళా? నేను సరంగునండి. గోతిలో ఉన్నోణ్ణి." ఏదో నవ్వులాంటిది వచ్చి పోయింది. "మా ఆవిడ పైన ఉండేదండి. అందరూ పైనే ఉన్నారు, నేనే కింద. రెండో భాగం వచ్చిందా అండి?"

"అచ్చులో ఉందండి" అన్నాను.

చెప్పిన అబద్ధాలన్నీ మర్నాటికల్లా ఒప్పుకునే అలవాటు నాది. దీన్ని ఒప్పుకోవడానికి మాత్రం ఇంతకాలం పట్టింది. బందరు తిరిగొచ్చి తొమ్మిది కార్డులూ మావయ్య ముందు పెట్టాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. రెండో భాగం మాట మళ్ళీ ఆ ప్రెస్సులో ఎవరూ ఎత్తలేదు.

రెండో భాగం పదివేల ప్రతులు అమ్ముడుపోయిందని ఈమధ్య మా మనవలకి చెప్తున్నాను. ఉన్నది ఒక్క ప్రతి. పోయినేడు దళసరి అట్ట మీద నేనే గీశాను. ఎనభై ఎనిమిదో గడి పక్కన నిచ్చెన ఎర్ర పెన్సిల్‌తో గీస్తుంటే మా ఆవిడ తొంగిచూసి, "మెట్లకి కాళ్ళూ చేతులూ ఏంటండీ?" అంది. చెప్పాను. "అందరూ వంతులు వదులుకుంటూ కూచుంటే ఇక ఆటెప్పుడు అయ్యేను?" అంటూనే ఎదురుగా కూర్చుంది. అరగంట తిరక్కుండానే ఆవిడ పూస బిలంలో పడింది. నాది తొంభై ఏడులో ఉంది, మూడు పడితే గెలుపు.

"మరి వదలండి మీ వంతు" అంది.

కాసేపు గవ్వలు చేతిలోనే ఆడించాను, ఇంకా ఆ జులపాల కుర్రాడు ఎక్కడికీ పోలేదు. తర్వాత కింద పెట్టాను. అట్ట కుడిమూల ఊరి పేరు రాశాను, నా పేరెక్కడా లేదు. ఆ ఊరేదో ఇక్కడ చెప్పను. రాయాల్సిన చోట రాయడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది.