పోశవ్వ కొనని కొవ్వొత్తి

నవత గురించి చెప్పమంటే ముందు ఆమె వేళ్ల గురించి చెప్పాలి. కరీంనగర్‌లో ఆ వాడ ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లే, కానీ నవత చుట్టడం వేరు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, చేతిలో తునికాకు. మాట్లాడుతూనే ఉండేది, పక్కింటి తగువు తీరుస్తూనే ఉండేది, బీడీకి దారం మాత్రం చూడకుండానే బిగిసిపోయేది. పదమూడో ఏట ఒళ్లోకి వచ్చిన చాటను ముప్పై రెండో ఏటి దాకా దించలేదు. అంత పనిమంతురాలికి చివరికి దగ్గు పట్టుకుంది. దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చూసి, ఇక తంబాకు ముట్టుకోవద్దని చెప్పేసింది. చెప్పడానికేం, ఎంతసేపు! తెల్లారి లేచాక చేతులకు పని లేకపోతే ఎట్లా ఉంటుందో డాక్టరమ్మకేం తెలుసు?

భర్త హనుమండ్లు ట్రాలీ ఆటో నడుపుతాడు. పెళ్లాం ఖాళీగా కూర్చుని తన ఆటో కడగడంలో తప్పులు వెతకడం మొదలుపెట్టేసరికి వారానికే అతనికి విసుగొచ్చింది. మహిళా సంఘం వాళ్లు మూడు రోజులు కొవ్వొత్తుల తయారీ నేర్పుతున్నారని ఎక్కడో విని, తనే ఆటోలో ఎక్కించుకుపోయి దింపి వచ్చాడు. మైనం కరిగించాలి, అచ్చులో పోయాలి, నీళ్ల తొట్టిలో ముంచి చల్లార్చాలి. ఇంతేనా అనుకుంది నవత. పనిమంతులకు ఉండే జబ్బే అది, కొత్త పని ఏది చూసినా ఇంతేనా అనిపిస్తుంది. మూడో రోజు వత్తుల పాఠం. ఆ రోజు పక్కింట్లో పెళ్లిచూపులుంటే పాఠం ఎగ్గొట్టింది. దారం సంగతి తనకు చెప్పేవాళ్లెవరని కూడా అంది.

ఇంట్లో బీడీల దారం ఉండలు సంచి నిండా మిగిలి ఉన్నాయి. పారేయడం దేనికని వాటినే వత్తులుగా వేసింది. కొవ్వొత్తులు తెల్లగా, నున్నగా, చూడముచ్చటగా దిగాయి. సరిగ్గా దీపావళి ముందు.

ఆ వాడవాళ్లకు దీపావళి అంటే ఇంట్లో కాదు, శ్మశానంలో. భయపడేదేమీ లేదు, అక్కడ ఏడుపులుండవు. వారం ముందే గడ్డి చెక్కి, సమాధులకు సున్నం వేసి, బంతిపూల దండలు కట్టి, పండుగనాడు పొద్దుగూకే వేళకు పిల్లాజెల్లా అందరూ అక్కడికే చేరతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండుకొచ్చి విస్తరి పెడతారు. సమాధుల మీద దీపాలు వెలుగుతుంటే పిల్లలు పటాకులు కాలుస్తారు. ఆ ఏడు వాడ వాడంతా, మన పిల్ల చేసినవి కదా అని నవత కొవ్వొత్తులే కొన్నారు. ఎదురింటి పోశవ్వ అందరికంటే ముందు వచ్చి రెండు ప్యాకెట్లు తీసుకుపోయింది.

పోశవ్వకు ఒక్కడే కొడుకు, కొండల్. ఇరవై ఆరేళ్లకే కామెర్లొచ్చి పోయాడు. ఆమెకు ఒక పట్టింపు ఉంది, వాళ్ల అత్త దగ్గర నేర్చుకున్నది. సమాధి మీద దీపం వెలిగినంతసేపూ పోయినవాళ్లు మన పక్కన కూర్చున్నట్టు. దీపం ఆరిందంటే, ఇక పొమ్మని వాళ్లే మనకు చెప్పినట్టు. ఆరాక మళ్లీ ముట్టించకూడదు, అక్కడ కూర్చోకూడదు. ఏడాదికొక్కసారి ఆ కాసేపటి కోసమే ఆ తల్లి మిగతా రోజులన్నీ ఈడ్చుకొస్తుంది.

బీడీల దారం ఎంత సన్నమో తెలుసు కదా. కరిగిన మైనాన్ని అది తాగలేకపోయింది. మైనం మడుగు కట్టింది, మంట అందులో మునిగిపోయింది. గాలి కూడా లేదు ఆ రోజు, గాలి మీద నెట్టేద్దామన్నా కుదరదు. ఒక సమాధి తర్వాత ఒకటి చీకటైపోతూ వచ్చింది. వాడవాళ్లు గొణుక్కుంటూ నూనె ప్రమిదలు వెతుక్కున్నారు. నవత తన బాపు మల్లన్న సమాధి దగ్గర అగ్గిపెట్టె పట్టుకుని బిక్కచచ్చిపోయి నిలబడింది. పోశవ్వ అప్పుడే చేపల గిన్నె మూత తీస్తోంది. ఇంకా విస్తట్లో వడ్డించనే లేదు. ఆమె ముందున్న కొవ్వొత్తులన్నీ ఆరిపోయాయి. గిన్నె మూత పెట్టి లేచింది. నవత ముందు నుంచే పోతూ ఒక్క క్షణం ఆగింది.

"పొమ్మన్నడు బిడ్డా. ముద్ద గూడ పెట్టనియ్యలే."

తిట్టినా బాగుండేది. నవత ఆ రాత్రి తిండి ముట్టలేదు. మర్నాడు దారం సంచిని పెంటకుప్ప మీద పడేసి, రామచంద్రం కిరాణా దుకాణం నుంచి ఒక కొవ్వొత్తి కొనుక్కొచ్చి, కత్తిపీట మీద నిలువునా కోసింది. వత్తిని బయటికి లాగి చూస్తే అది ఒంటి దారం కాదు, ఆడపిల్ల జడలా అల్లిన నూలు. నెత్తి కొట్టుకుంది. ఎగ్గొట్టిన పాఠం అదే. సిగ్గుపడకుండా సంఘం ఆఫీసుకు వెళ్లి, తాను చేసిన నిర్వాకమంతా చెప్పుకుని, ఆ ఒక్క పాఠం మళ్లీ చెప్పించుకుంది. నలుగురిలో తన తప్పు తానే చెప్పుకోవడం తేలికేం కాదు, నాకైతే చేతకాదు.

సిరిసిల్ల నుంచి పత్తి నూలు తెప్పించింది. మూడు పోగులు, ఆరు పోగులు, తొమ్మిది పోగులు అల్లి చూసింది. సన్నమైతే మునిగింది, లావైతే పొగ కక్కింది. ఎండాకాలం ఇంకో కత్తి దూసింది. రేకుల కప్పు కింద పేర్చిన కొవ్వొత్తులన్నీ ఒక మధ్యాహ్నం నడుములు వంచి ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. అప్పట్నుంచి తెల్లవారుజామునే పోత, పొద్దెక్కితే బంద్. మైనం గట్టిపడటానికి అందులో కలిపే పొడి పాళ్లు కుదిరేదాకా హనుమండ్లుకు ఏ పూటా వేళకు అన్నం దొరకలేదు. అతను ఒక్కసారి కూడా కసురుకోలేదని రాయాలని ఉంది గానీ, రెండుసార్లు కసురుకున్నాడు.

కొవ్వొత్తులు నిలబడ్డాయి. బీడీలు మానేయాలనుకున్న మరో ఏడుగురు ఆడవాళ్లు వచ్చి నవత వాకిట్లో కూర్చున్నారు. వాళ్ల వేళ్లకు వత్తులల్లడం ఒక లెక్కే కాదు. మొదట మొహం తిప్పుకున్న రామచంద్రం ఇప్పుడు దుకాణంలో ముందు అరలోనే పెడుతున్నాడు. క్రిస్మస్‌కు మందమర్రి చర్చీల నుంచి, పెళ్లిళ్లకు పెద్దపల్లి ఫంక్షన్ హాళ్ల నుంచి ఫోన్లు వస్తాయి. ట్రాలీ ఆటో సగం దినం కొవ్వొత్తులకే తిరుగుతోంది. ఇంత చేసింది, చదువు ఏడో తరగతి! వాడంతా మళ్లీ ఆమె దగ్గరే కొంటోంది, ఒక్క ఎదురిల్లు తప్ప. పోశవ్వ కోపంగా ఉండేది కాదు, కనబడితే నవ్వేది, మంచీచెడూ అడిగేది. దీపావళికి మాత్రం ప్రమిదే పట్టుకెళ్లేది. రెండేళ్లు గాలికి ఆ ప్రమిదా ఎంతోసేపు నిలవలేదు. నవతకు ఎన్ని ప్యాకెట్లు పోయినా గుండెలో ముల్లు గుచ్చుకునే ఉంది.

అందుకే మూడో ఏడు, గాలికి ఆరని కొవ్వొత్తి చేసి తీరాలని పట్టుబట్టింది. సన్నగా పొడుగ్గా కాకుండా, పొట్టిగా లావుగా ఉంటే మంట లోపలికి దిగి, చుట్టూ మైనమే గోడలా అడ్డుంటుందని ఆమె ఊహ. అలాంటి అచ్చు లేదు. ఇంట్లోని స్టీలు గ్లాసులన్నీ అచ్చులయ్యాయి. చీపురు పుల్లకు వత్తి కట్టి, గ్లాసు మీద అడ్డంగా పెట్టి మైనం పోసేది. ఇంటికొచ్చినవాళ్లకు చాయ్ గిన్నెల్లో ఇచ్చారు. అరుగు మీద కూలర్ పెట్టి, దాని ముందు కొవ్వొత్తి ముట్టించి, బుగ్గన చేయి పెట్టుకుని కూర్చునేది నవత. ఆరేది. మళ్లీ వేరే వత్తి. ఇరవై రోజుల పాటు ఎదురింటి గడపలో కూర్చుని పోశవ్వ ఇదంతా చూసింది. ఒక సాయంత్రం కూలర్ ముందు మంట వంగింది, లేచింది, మళ్లీ వంగింది, ఆరలేదు. నవత ఏడుగురినీ పిలిచి చూపించింది.

మర్నాడు పొద్దున పోశవ్వ రోడ్డు దాటి వచ్చింది. కొంగు చాటు నుంచి ఒక గ్లాసు తీసింది. లోటాకు తమ్ముడంత పెద్దది, అంచు మీద కొండల్ పేరు చెక్కి ఉంది.

"వాడు చాయ్ తాగిన గిలాస. గిండ్ల మైనం పోసియ్యి బిడ్డా."

నవత ఆ గ్లాసును రెండు చేతులతో అందుకుంది. వత్తి ఎవరినీ అల్లనివ్వలేదు, తనే అల్లింది.

పండుగనాడు పొద్దున్నుంచీ ఈదురుగాలి. పూలదండలు ఎగిరి పడుతున్నాయి. నవత వాటిని ఏరి మళ్లీ సమాధుల మీద పెడుతోంది. ఈసారి కూడా ఆరిందంటే మళ్లీ పోశవ్వకు మొహం చూపించలేదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. కొండల్ సమాధి మీద గ్లాసు పెట్టి, దీపం ముట్టించి పోశవ్వ చేపల గిన్నె మూత తీసింది. మంట గ్లాసు అంచు కిందికి దిగింది, నిలిచింది. విస్తరి నిండింది. పోశవ్వ కొడుకుతో గుసగుసగా ఏవేవో చెప్పుకుంది. పక్కవాళ్లు తిన్నారు, పిల్లల పటాకులు అయిపోయాయి, ఒక్కొక్క ఇంటివాళ్లూ గిన్నెలు సర్దుకుని వెళ్లిపోతున్నారు. పోశవ్వ మాత్రం కదలలేదు. పెద్ద గ్లాసు, మైనం ఇంకా సగం కూడా తగ్గలేదు. ఆరకూడదనే చూసుకుంది గానీ, ఎంతసేపు వెలుగుతుందని నవత లెక్కే వేసుకోలేదు.

భయం భయంగా దగ్గరికి వెళ్లింది. "పెద్దవ్వా, సలి వెడ్తున్నది. ఇంటికి పోదామా?"

పోశవ్వ దీపం మీంచి చూపు తిప్పకుండానే నవ్వింది. మూడేళ్లుగా నవత చూడని నవ్వు అది.

"ఎట్ల పోత? పొమ్మంటలేడు గదా. చాయ్ తాగంగ గూడ వాడు గంతే బిడ్డా, గిలాస ఖాళీ అయ్యేదాంక నన్ను లేవనిచ్చేటోడు కాదు."

నవత హనుమండ్లుకు ఇంకాసేపు ఆగమని సైగ చేసి, వచ్చి పోశవ్వ పక్కన కూర్చుంది.