సత్యం చూసొచ్చిన సముద్రం

గోవాలో సముద్రపు ఒడ్డున కొత్తగా తెరిచిన హోటల్‌కు కొత్తవాడలోని మా చేనేత సొసైటీ జంపఖానాలు అమ్మింది. సరుకు వెంట నా తోటి గుమాస్తా సత్యాన్ని పంపారు. నలభై ఏళ్లొచ్చినా నేను సముద్రం చూడలేదు. వాడు బయల్దేరిన నాటి నుంచి నాకు అన్నం సహించలేదు.

ఈ రోజు పొద్దున వాడు తిరిగొచ్చాడు. ముఖం కమిలిపోయింది, చేతుల నిండా దోమకాట్లు. నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది.

“ఎట్లుందిరా సముద్రం?” అన్నాను.

“ఏం సముద్రమన్నా! ఒడ్డంత ఎండుచేపల వాసన. హోటల్ల నల్లా తిప్పితే ఉప్పునీళ్లు. బాత్రూంల ఎండ్రికాయలు తిరుగుతానయ్. కరెంటు లేక జర కూడ నిద్ర పట్టలే.”

“అయ్యో” అన్నాను గానీ, లోపల చల్లగా ఉంది. నేనే చాయ్ కూడా తెప్పించాను.

మధ్యాహ్నం ఆ హోటల్ నుంచి ట్రంకాల్ వచ్చింది. పై అంతస్తు గదులకు కూడా జంపఖానాలు కావాలట. సెక్రటరీ గారు మా గదిలోకి వచ్చారు.

“సత్యం, నువ్వు బాగ తక్లీఫ్ పడ్డవట. ఈసారి రాజయ్యను పంపుత తియ్” అన్నారు నా వైపు చూసి.

నేను సంతోషం పట్టలేక లేచి నిలబడ్డాను.

“వద్దు సార్” అన్నాడు సత్యం. “రాజయ్యన్న ఆ కష్టం తట్టుకోలేడు. నాకైతే అలవాటైంది. నేనే పోత.”

వాడి మంచితనాన్ని మెచ్చుకుని సెక్రటరీ గారు సరేనన్నారు. ఇంటికొచ్చినా నా కడుపుమంట చల్లారలేదు. మీలో సముద్రం చూసినవాళ్లుంటే నిజం చెప్పండి, అది అంత బాగుంటుందా?