సున్నం పండుకున్నది

మా హనుమండ్లు మేస్త్రీకి ఒకటే పిచ్చి. తడిపి కుప్ప చేసిన సున్నం పక్కన ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు.

"మెల్లగ. సున్నం పండుకున్నది," అనేవాడు, పెదాల మీద వేలు పెట్టి.

కరీంనగర్‌లో ఆయన దగ్గర నేను పదేళ్లు తాపీ పట్టాను. దగ్గు వస్తే వీధి చివరికి పోయి దగ్గి రావాలి. ఒకసారి పెళ్లి ఊరేగింపు వస్తే ఎదురెళ్లి డప్పులు ఆపించాడు. పెళ్లికొడుకును గుర్రం దింపి మునివేళ్ల మీద నడిపించాడు. గుర్రం మాత్రం సకిలించింది. దాని మీద ఆయనకు ఇప్పటికీ కోపమే.

యాభై ఎనిమిదో సంవత్సరం వానలకు మిషను చర్చి ప్రహరీ కొంత, గేటు స్తంభం ఒకటి కూలాయి. వెనకటి ఇంగ్లీషు పాదరి కట్టించిన రాతిగోడ అది. పొద్దున్నే మంచులో లోపలి సమాధులు తేలుతున్నట్టుండేవి. ఊడిన గేటు రెక్క గడ్డిలో, ఎవరో మరిచిపోయిన కలలా పడి ఉండేది.

"ఆదివారం బిషప్ పెద్దయ్యగారు వస్తుండ్రు," అన్నారు ఇప్పటి పాదరి అయ్యగారు. "అప్పటికి గేటు నిలబడకుంటె, గోడంత పడగొట్టి సిమెంటుతోని కడ్తమంటుంది కమిటీ."

హనుమండ్లు మొహం పాలిపోయింది. ఆ రాళ్ల సందున గోరు దూరదు. అంత పనితనాన్ని పడగొట్టడమా?

అయినా రోజూ మధ్యాహ్నం రెండు గంటలు పని ఆపేవాడు.

"సున్నం పండుకున్నది."

"ఎన్ని దినాలు పంటదే అన్నా? కుంభకర్ణుని సుట్టమా?"

"జర ఆగరాదు."

గురువారం నాకు ఓపిక పోయింది. తాపీతో సున్నం తీసి చూస్తే వెన్నలా జారింది. ఎప్పుడో మాగింది. కుప్ప వెనక్కి తొంగి చూశాను. వేపనీడలో, సున్నం మోసే పోశవ్వ పసిబిడ్డను పొదువుకొని నిద్రపోతోంది. ఆకుల నీడలు ఇద్దరి మీదా మెల్లగా కదులుతున్నాయి.

"పచ్చి బాలింత. రాత్రంత పిల్ల పండనియ్యదట," అన్నాడు హనుమండ్లు నా చెవిలో. "జర ఒరుగు అంటె పని పోతదని భయపడ్తది. సున్నం పండుకుంటె ఎవ్వలేమంటరు?"

"మరి పెళ్లి ఊరేగింపునాడు?"

"గప్పుడు సున్నం మోసిన లస్మవ్వకు జెరముండె."

వెనక ఎవరో గొంతు సవరించుకోబోయి మానుకున్నారు. కోప్పడదామని వచ్చిన అయ్యగారు. కాసేపు చూసి, తెల్ల అంగీ చేతులు మడిచారు.

"తట్ట ఏది?" అన్నారు గుసగుసగా.

నిద్ర లేచిన పోశవ్వ, అయ్యగారి నెత్తిన కారుతున్న సున్నం తట్ట చూసి హడలిపోయి ఉరికివచ్చింది.

"నువ్వు పండుకో బిడ్డా," అన్నారాయన.

శనివారం సాయంత్రానికి గేటు నిలబడింది.

ఆదివారం పెద్దయ్యగారు గోడను చూసి తలూపి, అయ్యగారి తల దగ్గర ఆగిపోయారు.

"ఏమయ్యా, ఒక్క నెలలో ఇంత నెరిసిందేం?"

"బాధ్యతలండి," అన్నారు అయ్యగారు.

గేటు దగ్గర పోశవ్వ నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకొని గోడవైపు తిరిగింది.