సౌండు పెట్టెలూ మోటార్ల కరెంటూ

కళాకారుడికి గొంతే ఆస్తి అని సభల్లో చెబుతుంటారు. అలా చెప్పేవాళ్ళ ముందున్న మైకుకి అద్దె వేరెవరో కట్టి ఉంటారు. సత్తెనపల్లి నాగూర్ వలికి గొంతు బాగానే ఉండేది. 2001 దాకా ఆ గొంతు సంపాదించిన దాంట్లో సగం సౌండు సిస్టం అద్దెకే పోయేది. నలుగురి ఆర్కెస్ట్రా వాళ్ళది: వలి పాడతాడు, చైతన్యకృష్ణ కీబోర్డు వాయిస్తాడు, మరో ఇద్దరు తబలా, డ్రమ్సు. ఫంక్షనుకి ఐదు వేలొస్తే అందులో రెండున్నర వేలు పెట్టెల షాపతనికి. మిగిలింది నలుగురికి.

ఆ ఏడు వలి ఎకరన్నర మిర్చి కౌలు వదిలేశాడు. తోటకి పెట్టాల్సిన డబ్బూ, భార్య ఖాజాబీ కుట్టుపని మీద కూడబెట్టిందీ కలిపి గుంటూరు వెళ్ళి మిక్సరు, ఆంప్లిఫయరు, మనిషెత్తు పెట్టెలు రెండు, మైకులు మూడు కొన్నాడు. డెబ్బై రెండు వేలయింది. మిర్చికైతే పురుగు పడుతుంది, పెట్టెలకేం పడుతుంది అన్నాడట ఖాజాబీతో.

పెట్టెలకి పల్లెటూరి కరెంటు పడదని నెల తిరక్కుండానే తెలిసింది. అద్దె రోజుల్లో కాలితే షాపువాడిది కాలేది. ఇప్పుడు కాలితే రెండేళ్ళ తోట కాలినట్టు. వలి ఒక హోల్డరుకి వంద వాట్ల బల్బు బిగించి ప్రతి ఊరికీ వెంట తీసుకెళ్ళేవాడు. ముందు బల్బు పెట్టి చూడాలి. తెల్లగా వెలిగితే కరెంటు ఎక్కువొస్తున్నట్టు, పసుపుగా వెలిగితేనే ఆంప్లిఫయరు ప్లగ్గు పెట్టాలి. తర్వాత కూడా అది మిక్సరు పక్కన వెలుగుతూనే ఉండాలి. పాడుతున్నంతసేపూ అతని చూపు దానిమీదే. "అన్నా, జనం ఇటున్నారు" అని చైతన్యకృష్ణ పాట మధ్యలో గొణిగేవాడు. జనరేటరు తెచ్చుకోవచ్చు కదా అని సలహా ఇచ్చినవాళ్ళు చాలామంది. దాని అద్దె, డీజిలు కలిపితే మళ్ళీ పాత రెండున్నర వేలే.

2003 మార్చిలో దర్శి వైపు ఒక ఊళ్ళో వెంకయ్య అనే రైతు తన మనవరాలి ఓణీల ఫంక్షనుకి పిలిచాడు. చేల మోటార్లకీ ఊళ్ళో ఇళ్ళకీ ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. వలి తీగల అతుకులన్నీ లాగి చూశాడు. బల్బు కాస్త నీరసంగా, పసుపుగా వెలిగింది. తక్కువొస్తే పెట్టెలు మెల్లగా మోగుతాయి గానీ కాలవు. ధైర్యంగా మొదలెట్టాడు.

చేల మోటార్లకి రోజుకిన్ని గంటలని ఇచ్చే కరెంటు ఎన్నింటికి తీసేస్తారని మాత్రం అడగలేదు. కౌలు చేసిన రోజుల్లో తన తోట మోటారు ఆగే వేళ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. పెట్టెలు కొన్నాక ఆ రైతు బుర్ర ఎక్కడో పెట్టి మర్చిపోయాడు. ఊరివాళ్ళూ చెప్పలేదు, వాళ్ళకి అదొక విషయమే కాదు.

మధ్యాహ్నం మూడింటికి మోటార్ల కరెంటు తీసేశారు. నలభై మోటార్లు ఒక్కసారిగా ఆగాయి. అప్పటిదాకా అవి తాగుతున్న కరెంటంతా ఇళ్ళ మీద పడింది. బల్బు తెల్లబడింది. వలి పాటని సగంలో వదిలి ప్లగ్గు పీకేశాడు.

ఎందుకు ఆపాడో మూడొందల మందికి మైకు లేకుండా చెప్పాల్సి వచ్చింది. రెండో వరుస దాటి ఎవరికీ వినపడలేదు. వెనకవాళ్ళు డబ్బుల దగ్గర పేచీ వచ్చిందనుకున్నారు. ముందు కుర్చీలో ఉన్న వెంకయ్య తల్లి వెంకటరావమ్మ, "నోరుందిగా నాయనా, పాడు. పెట్టెలు పాడతాయా ఏంటి?" అంది.

పాడాడు. రెండో చరణానికి వెనక వరుసలు పత్తి ధరల్లో పడ్డాయి. ఏళ్ళ తరబడి మైకుకి అలవాటుపడిన గొంతు పందిరి సగం కూడా దాటలేదు. పెట్టెలు పోతే తనకి మిగిలేది ఈ మాత్రమేనని వలికి అప్పుడు తెలిసింది.

వెంకయ్య దగ్గరికొచ్చి భుజమ్మీద చెయ్యేశాడు. గొంతు పెంచలేదు.

"ఏమయ్యా, మా కరెంటు మంచిది కాదా?"

"అట్లా కాదండీ. ఎక్కువొస్తోంది. పెట్టెలు కాలిపోతాయండీ."

"మా ఫ్రిజ్జు కాలిందా? ఫ్యాన్లు కాలినియ్యా? చుట్టాల ముందు నా పరువు కాలతంది, అది చూడు. మోగిస్తావా, సర్దుకుంటావా?"

సర్దుకుంటే ఐదు వేలు రావు, అద్దంకి దాకా మరో బేరమూ రాదు. మోగించని పెట్టెలు కాలిన పెట్టెలతో సమానమే. వలి ప్లగ్గు పెట్టాడు. నాలుగు పాటలు పాడాడు, ఏవి పాడాడో ఇప్పటికీ చెప్పలేడు. నాలుగోదాంట్లో మాడు వాసన వచ్చింది. వంటపొయ్యి దగ్గర్నించో, ఆంప్లిఫయరు లోంచో. పాట ముగించి ఆంప్లిఫయరు మూత మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. వెంటనే ఆపేశాడు. అప్పటికి జనం లేస్తున్నారు గనక ఎవరూ పట్టించుకోలేదు. వెంకయ్య డబ్బు మొత్తం ఇచ్చాడు.

ఇంటికొచ్చాక మూడు రోజులు పెట్టెలకి కరెంటు పెట్టలేదు. దుమ్ము దులపాలన్నాడు, తీగ మార్చాలన్నాడు. పెట్టి చూడనంతవరకూ అవి కాలినట్టు కాదు. శుక్రవారం మరో ఫంక్షనుంది. చైతన్యకృష్ణ రెండుసార్లొచ్చి, పెట్టెల మీద కప్పిన దుప్పటి చూసి వెళ్ళాడు.

గురువారం పొద్దున ఖాజాబీ దుప్పటి తీసేసింది. "రేపు అంతమంది ముందు తెలిసేదానికన్నా ఇవాళ మనిద్దరి ముందు తెలియనీండి" అంది.

నువ్వే పెట్టమని చెప్పి వలి బయటికి నడిచాడు. వీధి చివర కుళాయి దాకా వెళ్ళి, ఇంటివైపు వీపు పెట్టి నిలబడ్డాడు. చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు వీధంతా ఖాజాబీ గొంతు పరుచుకుంది.

"ఏవండీ, వినపడతందా?"

రెండు మూడిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. ఆమె గొంతు ఎప్పుడూ గడప దాటి విన్నవాళ్ళు లేరు. ఆ మాట రెండు పెట్టెల్లోంచీ వచ్చిందా, ఒక్కదాంట్లోంచేనా అన్నది అంత దూరాన్నించి వలి తేల్చుకోలేకపోయాడు. ఇంకోసారి అడుగుతుందేమోనని చెవి అటే పెట్టి, అక్కడే నిలబడ్డాడు.